దోహాలో గంటన్నర, చికాగోలో రెండు గంటలు: అమ్మానాన్నలకు ఈ గ్యాప్ సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. జూన్ మూడో వారంలో మీ అమ్మానాన్నలు మొదటిసారి అమెరికా వస్తున్నారు. హైదరాబాద్ నుంచి దోహా, దోహా నుంచి చికాగో, అక్కడ విమానం మారి మీరుండే బెంటన్‌విల్ (ఆర్కాన్సా రాష్ట్రం). ఖతార్ ఎయిర్‌వేస్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిపి ఒకే టికెట్. దోహాలో గ్యాప్ గంటా 25 నిమిషాలు, చికాగోలో గంటా 55 నిమిషాలు. ఇద్దరికీ అరవై దాటాయి, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఎక్కువ గ్యాప్ ఉన్న టికెట్ ఇద్దరికీ కలిపి 22 వేలు ఎక్కువ అవుతోంది. "వెబ్‌సైట్ అమ్ముతోందంటే ఆ టైమ్ సరిపోతుందనే కదా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ టికెట్ కొనకండి. దోహాలో గ్యాప్ తక్కువ, చికాగోలో అస్సలు చాలదు. దోహాలో రెండున్నర నుంచి నాలుగు గంటలు, చికాగోలో కనీసం నాలుగు గంటలు ఉన్నది వెతకండి. చికాగో నుంచి బెంటన్‌విల్‌కి వాళ్లు ఎక్కే ఫ్లైట్ ఆ రోజుకి చివరిది కాకుండా చూడండి. ఆ 22 వేలు పెట్టదగిన ఖర్చే.

నేను గల్ఫ్‌లో ఒక పెద్ద ఎయిర్‌పోర్టులో కొన్నేళ్లు ట్రాన్స్‌ఫర్ డెస్క్ మీద పనిచేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో టికెటింగ్ చూస్తున్నాను. కనెక్షన్ తప్పిపోయి ఏం చేయాలో తెలియక నిలబడ్డ పెద్దవాళ్లతో చాలాసార్లు తెలుగులో మాట్లాడి కూర్చోబెట్టాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ అసలు సందేహం. వెబ్‌సైట్ ఒక కనెక్షన్ చూపించాలంటే అది ఎంసీటీ దాటి ఉండాలి. ఎంసీటీ అంటే మినిమమ్ కనెక్టింగ్ టైమ్. ఏ ఎయిర్‌పోర్టులో, ఏ టెర్మినల్ నుంచి ఏ టెర్మినల్‌కి, ఏ కంపెనీ నుంచి ఏ కంపెనీకి మారడానికి కనీసం ఎన్ని నిమిషాలు కావాలో ముందే లెక్కగట్టి రిజర్వేషన్ సిస్టమ్‌లలో పెడతారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుఫ్తాన్సా నుంచి లుఫ్తాన్సాకి అది 45 నిమిషాలే. అంటే 50 నిమిషాల గ్యాప్ ఉన్న టికెట్‌ని కూడా సిస్టమ్ నిస్సంకోచంగా అమ్మేస్తుంది. ఆ లెక్క మొదటి విమానం టైమ్‌కి వస్తుందని, ప్రయాణికుడు చకచకా నడుస్తాడని, బోర్డులు చదువుకోగలడని అనుకుని వేసింది. అది వీలవుతుంది అని చెప్పే లెక్క. మీ నాన్నగారి మోకాళ్లు అందులో లేవు, జూన్ నెల రద్దీ కూడా లేదు.

పెద్దవాళ్లకి టికెట్ చేసేటప్పుడు నేను రెండు విషయాలు చూస్తాను. ఆ ఎయిర్‌పోర్టులో దిగాక వాళ్లు ఏమేం పనులు పూర్తి చేయాలి? తప్పిపోతే తర్వాతి విమానం ఎప్పుడు? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఎన్ని గంటల గ్యాప్ కావాలో దానంతట అదే తేలుతుంది.

ఇక చికాగో సంగతి. మీ ప్లాన్‌లో అసలు ప్రమాదం అక్కడే ఉంది. చాలామంది బ్యాగులకి బెంటన్‌విల్ దాకా ట్యాగ్ వేశారు కదా, దిగి ఇంకో గేట్‌కి నడిస్తే చాలు అనుకుంటారు. అమెరికాలో అలా కుదరదు. అమెరికాలో మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే ఇమిగ్రేషన్, కస్టమ్స్ రెండూ పూర్తి చేయాలి. చెక్-ఇన్ బ్యాగులు అక్కడే తీసుకుని, మళ్లీ అప్పగించాలి. ట్యాగ్ ఆఖరి ఊరి దాకా ఉన్నా సరే. తర్వాత టీఎస్ఏ (అమెరికా ఎయిర్‌పోర్ట్ భద్రతా సంస్థ) సెక్యూరిటీ చెక్ మళ్లీ మొదటి నుంచి.

చికాగో ఓహేర్ ఎయిర్‌పోర్టులో దీనికి తోడు టెర్మినల్ మారాలి. ఖతార్ విమానం టెర్మినల్ 5 దగ్గర ఆగుతుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ డొమెస్టిక్ విమానాలు టెర్మినల్ 3 నుంచి వెళ్తాయి. రెండింటి మధ్య ఏటీఎస్ అనే చిన్న ట్రైన్ తిరుగుతుంది, టికెట్ ఏమీ లేదు. కానీ అది సెక్యూరిటీ బయట నడుస్తుంది. కాబట్టి టెర్మినల్ 3కి చేరాక లోపలికి వెళ్లడానికి మళ్లీ లైన్‌లో నిలబడాలి.

నిమిషాల్లో వేసి చూద్దాం. ఇది నా అనుభవం మీద వేసిన లెక్క. అంతా సవ్యంగా జరిగిన రోజు, చురుగ్గా నడిచే మనిషికి: విమానం దిగడానికి 15 నిమిషాలు, ఇమిగ్రేషన్ హాల్ దాకా నడక 10, లైన్ 30, బ్యాగుల కోసం 10, కస్టమ్స్ 5, బ్యాగులు తిరిగి ఇవ్వడం 5, ట్రైన్‌కి 10, సెక్యూరిటీ 15, గేట్ దాకా నడక 10. మొత్తం 110 నిమిషాలు. డొమెస్టిక్ విమానం తలుపు బయలుదేరడానికి 15 నిమిషాల ముందే మూసేస్తారు. అంటే 125. మీ చేతిలో ఉన్నది 115. మంచి రోజున, కుర్రాడికి కూడా చాలదు.

వేసవి మధ్యాహ్నం, పెద్దవాళ్లయితే? దిగడానికి 25, నడక 15, ఇమిగ్రేషన్ గంటా 15, బ్యాగులు 20, కస్టమ్స్ 10, తిరిగి ఇవ్వడం 10, ట్రైన్ 15, సెక్యూరిటీ 30, గేట్ దాకా 15. మూడున్నర గంటలు దాటింది, తలుపు మూసే 15 నిమిషాలు వేరే. నేను నాలుగు గంటలు అన్నది ఇందుకే. అది కూడా దోహా నుంచి విమానం టైమ్‌కి వచ్చిందనుకుంటేనే.

ఇమిగ్రేషన్ లైన్ గురించి విడిగా ఒక మాట, ఎందుకంటే అంచనాలు తప్పేది అక్కడే. మీకు గ్రీన్ కార్డ్ ఉంటే ఎంపీసీ (మొబైల్ పాస్‌పోర్ట్ కంట్రోల్) యాప్ వాడి తొందరగా బయటపడి ఉంటారు. మీ స్నేహితులు గ్లోబల్ ఎంట్రీతో (ముందే తనిఖీ చేసి ఇచ్చే ప్రత్యేక అనుమతి) పది నిమిషాల్లో వచ్చేశామని చెప్పి ఉంటారు. బీ1/బీ2 (విజిటర్) వీసా మీద వచ్చే అమ్మానాన్నలకు ఆ యాప్ పనికిరాదు. గ్లోబల్ ఎంట్రీకి భారతీయులు దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, మొదటిసారి వస్తున్నవాళ్ల దగ్గర అది ఉండే అవకాశం లేదు. వాళ్లు విజిటర్స్ లైన్‌లోనే నిలబడాలి. వేలిముద్రలు, ఫొటో, ఎందుకొచ్చారు, ఎన్నాళ్లుంటారు, ఎవరి దగ్గర ఉంటారు అనే ప్రశ్నలు. యూరప్, ఆసియా నుంచి నాలుగైదు పెద్ద విమానాలు ఒకేసారి దిగితే ఆ లైన్ కదలదు. సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు తనిఖీ విభాగం) వాళ్ల వెబ్‌సైట్‌లో ఎయిర్‌పోర్ట్ వెయిట్ టైమ్స్ అని ఒక పేజీ ఉంది. ఓహేర్, టెర్మినల్ 5 ఎంచుకుని, పోయిన ఏడాది జూన్‌లో మీ విమానం దిగే గంటకి ఎంతసేపు పట్టిందో చూడండి. అక్కడ సగటుతో పాటు గరిష్ఠం కూడా ఇస్తారు. మీరు గరిష్ఠం చూసి నిర్ణయించుకోండి.

ఇంగ్లిష్ గురించి భయపడొద్దని చెప్పండి. "తెలుగు" అని చెప్పి ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు, తప్పేమీ కాదు. కాకపోతే దానికీ కొంత టైమ్ పడుతుంది. ఒక కాగితం మీద ఇంగ్లిష్‌లో మీ పేరు, అడ్రస్, ఫోన్ నంబర్, ఎన్నాళ్లు ఉంటారు, రిటర్న్ టికెట్ తేదీ రాసి అమ్మగారి హ్యాండ్‌బ్యాగ్‌లో ఒకటి, నాన్నగారి జేబులో ఒకటి పెట్టండి. ఇద్దరి దగ్గరా ఉండాలి. లైన్‌లో ఎక్కడైనా విడిపోతే ఆ కాగితమే ఆధారం.

ఇప్పుడు బ్యాగుల్లో ఏముంది అన్నది. దీనికీ గ్యాప్‌కీ సంబంధం ఏమిటంటారేమో, చాలా ఉంది. మన వాళ్ల సూట్‌కేసుల్లో సగం తిండి వస్తువులే ఉంటాయి. పచ్చళ్లు, కారప్పొడులు, అరిసెలు, సున్నుండలు తెచ్చుకోవచ్చు, కానీ ఫుడ్ ఉందా అని అడిగితే "ఉంది" అని చెప్పాలి. మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి తేకూడదు. పచ్చి కరివేపాకు తేకూడదు, అది నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగుని వెంట తెస్తుందని వాళ్లు చాలా గట్టిగా పట్టుకుంటారు. మామిడిపండ్లూ అంతే, జూన్‌లో బంగినపల్లి మీద ఎంత ప్రేమ ఉన్నా. ఇలాంటివి ఉంటే అగ్రికల్చర్ తనిఖీకి పక్కకి పంపుతారు. అక్కడ బ్యాగులు విప్పి, ఒక్కో పొట్లం తీసి చూస్తారు. చెప్పకుండా దాచారని తేలితే జరిమానా కూడా వేస్తారు. గుంటూరు నుంచి వెళ్లిన ఒక పెద్దాయన, వాళ్ల ఆవిడ మూడు గంటల గ్యాప్ ఉండి కూడా కనెక్షన్ పోగొట్టుకున్నారు. ఇమిగ్రేషన్ లైన్ తొందరగానే అయింది. కూతురి కోసం కట్టిచ్చిన మాంసం పచ్చడి డబ్బాల దగ్గర గంట పైనే పోయింది. కట్టిచ్చినవాళ్లకి ఈ సంగతి తెలియదు, మోసినవాళ్లకీ తెలియదు. దయచేసి ప్యాకింగ్ రోజున మీరు వీడియో కాల్‌లో ఉండి ప్రతి పొట్లం ఏమిటో అడగండి.

పచ్చడి ఏదైనా సరే చేతి సంచిలో పెట్టనివ్వకండి. దోహాలో ట్రాన్స్‌ఫర్ సెక్యూరిటీ దగ్గర 100 మి.లీ. దాటిన ద్రవం కింద లెక్కగట్టి తీసి పారేస్తారు. దాని కోసం బతిమాలుతూ పది నిమిషాలు పోగొట్టుకున్న వాళ్లని చూశాను.

దోహా దగ్గరికి వద్దాం. హమద్ ఎయిర్‌పోర్టు అందరికీ ఒకటే టెర్మినల్, బోర్డులు స్పష్టంగా ఉంటాయి, ఇమిగ్రేషన్ అక్కర్లేదు, బ్యాగులు ముట్టుకోనక్కర్లేదు. కాబట్టి గంటా 25 నిమిషాలు అసాధ్యం కాదు. ఒంటరిగా తిరిగే కుర్రాళ్లకి నేనే అలాంటి టికెట్లు చేస్తుంటాను. అయినా మీ విషయంలో వద్దంటున్నాను, కారణాలు ఇవి.

గల్ఫ్ ఎయిర్‌పోర్టులు కెరటాల్లా నడుస్తాయి. ఆసియా విమానాలన్నీ రెండు మూడు గంటల వ్యవధిలో దిగుతాయి, ఆ తర్వాత యూరప్, అమెరికా విమానాలు ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. మీ అమ్మానాన్నలతో పాటే పాతిక ముప్పై విమానాల జనం ట్రాన్స్‌ఫర్ సెక్యూరిటీ ముందు నిలబడతారు. గేట్ దగ్గర స్థలం లేకపోతే విమానాన్ని దూరంగా నిలిపి బస్సులో తెస్తారు, అక్కడో పావుగంట పోతుంది. పైగా అమెరికా వెళ్లే విమానాలకి గేట్ దగ్గర అదనపు తనిఖీ ఉంటుంది. కాగితాలు చూస్తారు, కొంతమందిని పిలిచి బ్యాగులు మళ్లీ చూస్తారు. అందుకని బోర్డింగ్ చాలా ముందుగా మొదలవుతుంది. టికెట్ మీద గంటా 25 అని ఉన్నా, దిగి, నడిచి గేట్ చేరడానికి నిజంగా మిగిలేది ముప్పావు గంట. హైదరాబాద్‌లో విమానం అరగంట ఆలస్యంగా లేచిందా, ఇక పరుగే.

మనుషులు పరుగెత్తి ఎక్కినా బ్యాగులు ఎక్కకపోవచ్చు. ఇది చాలామంది ఆలోచించరు. గ్యాప్ తక్కువైనప్పుడు లోడింగ్‌లో మొదట వెనకబడేది సూట్‌కేసులే. అప్పుడు చికాగోలో బెల్ట్ దగ్గర రాని బ్యాగుల కోసం అరగంట, ముప్పావు గంట ఎదురుచూస్తారు, తర్వాత ఫిర్యాదు రాసివ్వాలి. అలా దోహాలో మిగుల్చుకున్న టైమ్ చికాగోలో పోతుంది.

ఒక చిన్న సాయం. దోహాలో ట్రాన్స్‌ఫర్ సెక్యూరిటీ దాటాక మధ్య హాల్లో పెద్ద పసుపు రంగు టెడ్డీ బేర్ బొమ్మ ఉంటుంది, తల మీద దీపంతో. దాన్ని మిస్సవడం కష్టం. "ఆ బొమ్మ దగ్గరికి వచ్చి వైఫైతో వాట్సాప్ కాల్ చేయండి, నేను గేట్ నంబర్ చెప్తాను" అని అమ్మగారికి చెప్పి ఉంచండి.

వీల్‌చైర్ తప్పకుండా పెట్టించండి. బుక్ చేసిన వెంటనే పెట్టించండి, కనీసం 48 గంటల ముందు. నాన్నగారికి మొహమాటం ఉంటే, అది సాయం చేసే మనిషి కోసం అని చెప్పండి, కూర్చోవడానికని కాదు. లైన్లు తెలిసిన మనిషి వెంట ఉంటాడు, ఇమిగ్రేషన్ దగ్గర పక్క లైన్లో తీసుకెళ్తాడు, బ్యాగులు దింపుతాడు, ట్రైన్ ఎక్కిస్తాడు. అయితే వీల్‌చైర్ ఉంటే టైమ్ తక్కువ పడుతుందని మాత్రం అనుకోకండి. మన దేశం నుంచి వచ్చే ప్రయాణికులు ఉన్న విమానాల్లో వీల్‌చైర్లు అడిగేవాళ్లు చాలా ఎక్కువ. అందరూ దిగాక వీళ్లని దింపుతారు, కుర్చీలు, నెట్టే మనుషులు చాలకపోతే గేట్ దగ్గర వరసగా కూర్చోబెడతారు. దోహాలో గంటా 25 నిమిషాలకి వీల్‌చైర్ పెట్టించడం అంటే ఆ ఎదురుచూపులోనే సగం అయిపోవడం. అందుకే వీల్‌చైర్ ఉంటే నా లెక్కకి ఇంకో ముప్పావు గంట కలుపుతాను.

మీది ఒకే టికెట్, అంటే ఒకే పీఎన్ఆర్ అన్నారు, అది మంచిది. కనెక్షన్ తప్పితే తర్వాతి విమానంలో సీటు ఇచ్చే బాధ్యత కంపెనీదే. విడివిడిగా కొన్న టికెట్లయితే ఆ రక్షణ లేదు. రెండో కంపెనీ దృష్టిలో మీరు రాని ప్రయాణికుడు, అంతే. టికెట్ పోతుంది, అదే బుకింగ్‌లో ఉన్న రిటర్న్ కూడా రద్దవుతుంది. మన వైపు ఇది ఎక్కువగా జరిగేది మొదటి మెట్టులోనే. విజయవాడ నుంచో విశాఖ నుంచో హైదరాబాద్‌కి ఓ డొమెస్టిక్ టికెట్ విడిగా కొని, అక్కడి నుంచి ఇంటర్నేషనల్ ఎక్కుదామనుకుంటారు. శంషాబాద్‌లో బ్యాగులు తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేసి, ఇమిగ్రేషన్ దాటాలి. అలాంటప్పుడు ఐదారు గంటల గ్యాప్ అయినా ఉండాలి, చలికాలం పొగమంచు రోజుల్లో అయితే ముందు రోజే వచ్చి హైదరాబాద్‌లో పడుకోవాలి. గన్నవరం నుంచి ఉదయం విమానం పొగమంచుకి ఆగిపోయి, అమెరికా విమానం వెళ్లిపోయాక శంషాబాద్‌లో దిగిన ఒక అబ్బాయి కొత్త టికెట్‌కి లక్ష పైన కట్టాడు. చదువుకోడానికి వెళ్తున్నాడు, ఆ డబ్బు వాళ్ల నాన్న అప్పు తెచ్చింది. విజయవాడ నుంచి శంషాబాద్‌కి రోడ్డు మీద ఐదారు గంటలు, రాత్రి బయలుదేరినా ఉదయానికి ఉంటాం. ఇలాంటి ప్రయాణానికి ఆ దారే నయం.

మీరు అడగకపోయినా ఇంకో రెండు దారులు చెప్తాను, ఎందుకంటే వాటితో మీ సమస్య చాలా వరకు తీరుతుంది.

మొదటిది, చికాగో బదులు డాలస్. దోహా నుంచి డాలస్‌కి ఖతార్ నేరుగా వెళ్తుంది. డాలస్ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కి అతి పెద్ద కేంద్రం, అక్కడి నుంచి బెంటన్‌విల్‌కి విమానాలు ఎక్కువ. ఇమిగ్రేషన్, బ్యాగులు, సెక్యూరిటీ అక్కడా తప్పవు. కాకపోతే సెక్యూరిటీ ఒకసారి దాటాక స్కైలింక్ ట్రైన్ లోపలే ఐదు టెర్మినల్స్‌నీ కలుపుతుంది. అన్నిటికన్నా పెద్ద లాభం వేరే ఉంది. ఏదైనా తప్పిపోతే మీరు కారేసుకుని ఐదారు గంటల్లో డాలస్ చేరి వాళ్లని తెచ్చుకోవచ్చు. చికాగో అయితే దాదాపు పది గంటలు. డాలస్‌లో తెలుగువాళ్లు లేని కాలనీ ఉండదు, మీకు తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ఆ రాత్రికి ఇంటికి తీసుకెళ్తారు. పెద్దవాళ్ల ప్రయాణంలో నేను దీనికి చాలా విలువిస్తాను.

రెండోది, అబుదాబి. అక్కడ 2014 నుంచి అమెరికా ప్రీక్లియరెన్స్ ఉంది. అంటే అమెరికా అధికారులే అబుదాబిలో కూర్చుని ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తి చేస్తారు. చికాగోలో దిగినప్పుడు డొమెస్టిక్ విమానంలోంచి దిగినట్టే, ఆ పెద్ద లైన్ ఉండదు. ఒకే టికెట్ అయితే బ్యాగులు కూడా సాధారణంగా ఆఖరి ఊరిలోనే తీసుకోవచ్చు. వెళ్లాల్సిన విమానం వేరే టెర్మినల్ నుంచి ఉంటే అక్కడ మళ్లీ సెక్యూరిటీ తప్పదు. అమెరికాలో రెండు, రెండున్నర గంటలు చాలు. బదులుగా అబుదాబిలో మూడున్నర, నాలుగు గంటలు పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ లైన్ అక్కడికి మారింది. ఆ రోజు చాలా విమానాలు ఒకేసారి ఉంటే అక్కడా గంటకి పైగా పట్టొచ్చు. హైదరాబాద్ నుంచి వెళ్లే ఎతిహాద్ విమానానికి ఈ వీలు ఉంది. దుబాయ్‌లో గానీ దోహాలో గానీ లేదు. ఈ దారిలో ఆఖరి విమానం ఏ కంపెనీదో, అది ఒకే పీఎన్ఆర్‌లో వస్తుందో లేదో చూసుకోండి.

లండన్ మీదుగా చూస్తే హీత్రోలో రెండు విమానాలూ ఒకే టెర్మినల్‌వేనా అన్నది మొదట చూడండి. టెర్మినల్ మారాలంటే బస్సు, మళ్లీ సెక్యూరిటీ, మూడు గంటలు పెట్టుకోవాలి. ట్రాన్సిట్ వీసా నియమాలు కూడా ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చదివాకే డబ్బు కట్టండి. ఇంకో మాట, దిగే ఎయిర్‌పోర్టూ ఎక్కే ఎయిర్‌పోర్టూ ఒకటేనా చూడండి. న్యూయార్క్‌లో జేఎఫ్‌కేలో దిగి లాగార్డియాలో ఎక్కమనే టికెట్లు కూడా వెబ్‌సైట్లలో వస్తాయి. ఊరు పేరు ఒకటే కదా అని చాలామంది గమనించరు.

గ్యాప్ ఎక్కువైతే మంచిదే కదా అని పది పన్నెండు గంటలు పెట్టేవాళ్లూ ఉన్నారు. పెద్దవాళ్లకి అదీ వద్దు. కుర్చీల్లో కూర్చుని కాళ్లు వాచిపోతాయి, షుగర్ మాత్రల వేళలు తప్పుతాయి, అలసటలో నిద్రపట్టి గేట్ పిలుపు వినపడదు. నా లెక్కలో దోహాలో నాలుగు గంటలు దాటితే అనవసరం. ఒకవేళ అదే దొరికితే అక్కడ క్వైట్ రూమ్స్ ఉంటాయి, వాలి పడుకునే కుర్చీలుంటాయి, ఉచితం. అలారం పెట్టుకోమనండి. మందులన్నీ చేతి సంచిలోనే ఉండాలి, ఒక రోజు అదనంగా.

ఇంత చేసినా చికాగోలో తప్పిపోతే ఏం చేయాలో కూడా ముందే మాట్లాడుకోండి. భయపడి బయటికి వెళ్లిపోవద్దని, బ్యాగులు తిరిగి ఇచ్చే చోటే విమాన కంపెనీ మనుషులు ఉంటారని, వాళ్లకి బోర్డింగ్ పాస్ చూపిస్తే చాలని చెప్పండి. అదే సమయంలో మీరు ఇక్కడ యాప్‌లో వాళ్ల బుకింగ్ తెరిచి పెట్టుకోండి. చాలాసార్లు కౌంటర్ లైన్ కదిలేలోపే ఇంటి నుంచి పిల్లలు కొత్త సీటు పట్టేస్తారు. ఇమిగ్రేషన్ లైన్ వల్ల తప్పితే తర్వాతి విమానంలో సీటు ఇస్తారు గానీ, రాత్రికి హోటల్ ఇస్తారని నమ్మకం పెట్టుకోకండి. చివరి ఫ్లైట్ వద్దని మొదట్లోనే అన్నది ఇందుకే. వేసవిలో చికాగో మీద సాయంత్రాలు ఉరుములు మెరుపులతో వానలు పడితే ఆ చివరి ఫ్లైట్ రద్దయ్యే అవకాశం కూడా ఎక్కువ.

తిరుగు ప్రయాణం గురించి టెన్షన్ తక్కువ. అమెరికా వదిలేటప్పుడు ఇమిగ్రేషన్ కౌంటర్ ఉండదు, బ్యాగులు హైదరాబాద్ దాకా వెళ్లిపోతాయి. అయినా చికాగోలో మూడు గంటలు ఉంచండి, ఎందుకంటే దోహా విమానం తప్పితే సాధారణంగా మర్నాటి దాకా ఇంకోటి ఉండదు. ఢిల్లీ మీదుగా తిరిగొచ్చే టికెట్ అయితే మాత్రం అక్కడ ఇమిగ్రేషన్ దాటి, బ్యాగులు తీసుకుని, కస్టమ్స్ అయ్యాక హైదరాబాద్ విమానానికి మళ్లీ ఇవ్వాల్సి రావొచ్చు. ఢిల్లీలో మూడు, నాలుగు గంటలు ఉండాల్సిందే. డిసెంబర్, జనవరి అయితే ఇంకా ఎక్కువ.

టికెట్ కొన్నాక కూడా ఒక పని మిగిలే ఉంటుంది. ఇప్పుడు కొంటే జూన్ లోపు కంపెనీలు టైమింగ్స్ మార్చడం మామూలే. దోహాలో మూడు గంటలున్న గ్యాప్ ఒక మెయిల్‌తో గంటన్నర అయిపోవచ్చు. అలాంటి మెయిల్ వస్తే కింద ఉన్న "యాక్సెప్ట్" బటన్ చూడకుండా నొక్కకండి, నొక్కితే మీరు ఒప్పుకున్నట్టే. ముందు కొత్త గ్యాప్ లెక్క చూసుకోండి. తగ్గిపోతే కంపెనీకి గానీ ఏజెంట్‌కి గానీ ఫోన్ చేసి, "మార్పు మీవైపు నుంచి వచ్చింది కాబట్టి వేరే కనెక్షన్ ఇవ్వండి" అని అడగండి. అదనపు డబ్బు లేకుండానే మారుస్తుంటారు. నెలకోసారి బుకింగ్ తెరిచి చూడండి, ఆఖరి వారంలో రోజూ చూడండి.

మీరు చూస్తున్న రెండో టికెట్ టైమింగ్స్, ఏ ఫ్లైట్లు అన్నది ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.